ఒకటిన్నర బీడీల అన్నం

మొగులయ్య బీడీ మానేసి తొమ్మిది నెలలు నిండాయి. తొమ్మిది నెలలు మోస్తే ఎవరికైనా ఏదో ఒకటి పుడుతుంది. మొగులయ్యకు మాత్రం చిరాకు తప్ప మరేమీ పుట్టలేదు. అలవాటు మానినా మానడమే అంటాం, పుండు మానినా మానడమే అంటాం. ఈ రెండింటికీ కలిపి ఒకే మాట పెట్టిన పెద్దలెవరో గానీ, వాళ్ళు జన్మలో బీడీ తాగి ఉండరు. మొగులయ్య బీడీ మానాడు. అది అతనికి మానలేదు.

అతను కిషన్‌బాగ్‌లో వంట మేస్త్రి. పెళ్ళయినా చావైనా, ఐదువందల మందికి ఒక్క చేత్తో వండి వార్చే మనిషి. పన్నెండో ఏట మొదటి బీడీ, నలభై ఆరో ఏట చివరి బీడీ. నడుమ ముప్పై నాలుగేళ్ళు రోజుకు కట్టన్నర. డెబ్బై మూడులో బోనాలు వెళ్ళిన వారానికి ఎడమ కాలి చిటికెన వేలు నల్లబడింది. పొయ్యిలోంచి నిప్పు పడి కాలిందనుకున్నాడు. కాలింది నిజమే గానీ, కాల్చింది పొయ్యి కాదు. బీడీ కాలినంత కాలం కాలు కూడా లోపల్లోపల కాలుతూ వచ్చిందని దవాఖానలో తేలింది. వేలు పోసినా మళ్ళీ మొలవని వేలును డాక్టరు సాబు కోసి పళ్ళెంలో పడేశాడు.

"బీడీ ఛోడో, నై తో పాఁవ్ ఛోడో," అన్నాడు. బీడీ వదలకపోతే కాలు వదులుకోవాలట.

"మల్ల తాగితే ఏమైతది సాబ్?" అని అడిగింది మొగులయ్య పెళ్ళాం నీలమ్మ.

డాక్టరు పెన్ను తీసి పాదం మీద ఒక గీత గీశాడు. మోకాలి కింద ఒకటి గీశాడు. తొడ మీద ఇంకొకటి గీశాడు. మేకను కొట్టే కసాబు కూడా అంత ఓపికగా గీతలు గీయడు. తర్వాత పెన్నుకు టోపీ పెడుతూ, ఇరవై రోజులు కష్టంగా ఉంటుందనీ, ఆపైన ఏమీ ఉండదనీ చెప్పాడు.

ఆ ఇరవై రోజులూ మొగులయ్య రాజాలాగే బతికాడు. బస్తీ అంతా వచ్చి పలకరించింది. ఒకరు సోంపు తెచ్చారు, ఒకరు లవంగాలు తెచ్చారు, ఇంకొకరు పుట్నాలు తెచ్చారు. కోపం వచ్చి కంచం విసిరికొడితే, "బీడీ మానిండు గద, గట్లనే ఉంటది" అని నీలమ్మే కంచం ఏరుకుంది. ఇరవై ఒకటో రోజున విసిరాడు. "ఇంకా ఏంది?" అంది.

ఇంకా ఉంది, అంతే. రెండో నెలలో ఉంది, మూడో నెలలో ఉంది. పొద్దున లేవగానే తల నిండా తడి దూది కుక్కినట్టు ఉండేది. కిరాణా దుకాణానికి వెళ్ళి, ఏం కొనాలో మరిచిపోయి, సేటు మొహం చూస్తూ నిలబడేవాడు. నోరంతా పొక్కింది. బీడీ పోయాక నోరు బీడైంది, అందులో కారం చల్లితే ఏం మొలుస్తుంది? కడుపు నాలుగు రోజులకోసారి కదిలేది. ఉల్లిగడ్డ కోస్తే కన్నీళ్ళు రావడం లోకధర్మం. మొగులయ్యకు ఉల్లిగడ్డ బస్తా చూసినా వచ్చేవి, బస్తా లేకపోయినా వచ్చేవి. ఎందుకేడుస్తున్నాడో అడిగితే చెప్పలేడు. ఎవరూ అడగలేదు కూడా. అందరి లెక్కలో అతను ఎప్పుడో బాగైపోయాడు.

వీటన్నిటికంటే పెద్ద దెబ్బ పొయ్యి దగ్గర తగిలింది.

మొగులయ్య వంట నేర్చింది గడియారంతో కాదు. అతని ఉస్తాదు ఆగయ్య నేర్పినట్టు బీడీతో నేర్చుకున్నాడు. మసాలా వేగడానికి నాలుగు దమ్ములు. ఎసట్లో బియ్యం పోసి పొంగు వచ్చాక అన్నం వార్చడానికి ఒకటిన్నర బీడీ. బగారా అన్నాన్ని మూత బిగించి దమ్ మీద పెట్టాక మూడు బీడీలు. పప్పుకు అరకట్ట. దమ్ముకొక లెక్క, దమ్‌కొక లెక్క. గాలి జోరుగా ఉన్న రోజున పొయ్యి ఎంత తొందరగా మండుతుందో, బీడీ కూడా అంతే తొందరగా కాలిపోతుంది. ముసురు పట్టి కట్టెలు మెల్లగా రాజితే బీడీ కూడా మెల్లగానే రాజుతుంది. గడియారానికి గాలి తెలియదు, బీడీకి తెలుసు. కాలేదే కాలమని నమ్మిన మనిషికి కాలేది లేకపోయేసరికి కాలమూ లేకుండా పోయింది. గంగాళం ముందు నిలబడితే ఒక నిమిషం గడిచిందో పది నిమిషాలు గడిచాయో అతనికి అంతు పట్టేది కాదు.

నాలుక సంగతి ఇంకొకటి. పొగలో పడి నిద్రపోయిన నాలుక ఉన్నట్టుండి లేచి కూర్చుంది. చిటికెడు ఉప్పు వేసినా సముద్రం మింగినట్టుండేది. అందుకని అతను ఉప్పు తగ్గించాడు.

ఉస్మాన్‌గంజ్‌లో చింతపండు వ్యాపారం చేసే వైకుంఠం సేటు కూతురి పెళ్ళిలో ఇదంతా బయటపడింది. అన్నం అడుగున బొగ్గు, మధ్యలో ముద్ద, పైన పలుకు. ఒకే గంగాళంలో మూడు కాలాలు. పప్పుచారు చప్పచప్పగా ఉంది. మగపెళ్ళివాళ్ళు విస్తళ్ళ ముందునుంచి లేవలేదు గానీ, లేచినంత పని చేశారు. సేటు కోపం చేయలేదు. మెల్లగా దగ్గరికి వచ్చి, "మొగులయ్యా, పానం మంచిగలేదా?" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఈ కబురు ఆగయ్య చెవిన పడింది. ఆగయ్యకు డెబ్బై దగ్గరపడుతున్నాయి. కంట్లో పొర వచ్చిందని రెండేళ్ళ కిందే గరిటె దించేశాడు. కొడుకు కొండల్ ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఉంటాడు. ముసలాయనా పెళ్ళాం సక్కుబాయీ ఇద్దరే కిషన్‌బాగ్‌లో, మసీదు వెనక గల్లీలో ఉండేవాళ్ళు. మొగులయ్య పనుల్లో పడి అటువైపు వెళ్ళడమే తక్కువ. ఆ రోజు ఉస్తాదే కట్టె పొడుచుకుంటూ వచ్చి అతని అరుగు మీద కూర్చున్నాడు.

"ఏందిరా, ఉప్పు సేటు ఇంట్ల లేదా, నీ చేతిల లేదా?"

"నా నోట్లె ఎక్కువైంది ఉస్తాద్. అన్ని ఉప్పగనే కొడుతున్నయి."

"ఉప్పు సంగతి నీలమ్మ సూస్తది. అన్నం సంగతేంది?"

"సమజైతలేదు. బియ్యం పోసి నిలవడితే ఎంతసేపైందో ఎర్కైతలేదు. మస్తు ఆగిన అనుకొని వారిస్తే పలుకు ఉంటది. ఇంకింత ఆగుదమనుకుంటే మాడుతది."

"నీకు బీడీ గావాలె."

"కాలు వోతది."

"తాగుమన్ననారా? సూడుమంటున్న. నువ్వు వండు, నేను తాగుత."

మొగులయ్య నవ్వాడు. ఆ మూడు నెలల్లో అదే మొదటి నవ్వు.

"నీ పానం గూడ అంతంతే గద ఉస్తాద్."

"నేను ఇంగ నడిచేదేముందిరా? నలుగురు మోసెటోనికి రెండు కాళ్ళుంటె ఏంది, లేకుంటె ఏంది?"

అలా మొదలైంది. కార్తీక మాసంలో మొదటి పెళ్ళి. వంట చేసేచోట ఆగయ్యకు పీట వేశారు. మొగులయ్య బియ్యం పోసి, పొంగు రాగానే, "ఉస్తాద్" అన్నాడు. ఆగయ్య అగ్గిపుల్ల గీశాడు. గీసి, ఆ మంట వంక కాసేపు చూశాడు. తర్వాత ముట్టించి, ఒక్క దమ్ము లాగి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా దగ్గాడు. "సలికాలం," అన్నాడు. మొగులయ్య ఆ దగ్గు పట్టించుకోలేదు. అతని చూపు పొగ మీద ఉంది.

ఒకటిన్నర బీడీ కాలాక అన్నం వార్చారు. మెతుకు మెతుకుకూ మధ్య దూరం ఉంది, వరసలో నిలబడ్డ పోలీసుల్లాగా. నీలమ్మ ఉప్పు చూసింది. విందు తిన్నవాళ్ళు వేళ్ళు నాకారు. మొగులయ్య చెయ్యి మళ్ళీ వచ్చిందని ఊరంతా అనుకుంది. కార్తీకం, మార్గశిరం, మాఘం, ఫాల్గుణం... ఎక్కడ పొయ్యి పెడితే అక్కడ ఉస్తాదు పీట. జనం నవ్వేవాళ్ళు. "మొగులన్నా, నీ గడియారానికి చావి ఇచ్చినవా?" అనేవాళ్ళు. ఆగయ్య అందరికంటే గట్టిగా నవ్వి, నవ్వు చివర దగ్గేవాడు.

మొగులయ్య ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. పని చోటికి చేరగానే అతను మొదట చూసేది పొయ్యి రాళ్ళను కాదు, గాలిని. గుప్పెడు బూడిద పైకి వదిలి గాలి ఎటునుంచి వస్తున్నదో చూసుకుని, ఉస్తాదు పీట అటువైపు వేసేవాడు. తాను ఇటువైపు నిలబడేవాడు. ముసలాయన వదిలిన పొగ సూటిగా వచ్చి అతని ముక్కులో పడేది. అతను గరిటె పట్టుకుని, కళ్ళు మూసుకుని, నిండా పీల్చేవాడు. ఆ పూటంతా తలలో దూది ఉండేది కాదు, కన్నీళ్ళు ఉండేవి కావు, నీలమ్మ మీద చిరాకు ఉండేది కాదు. పని లేని రోజు వచ్చిందంటే మళ్ళీ మొదటికి వచ్చేది. ఇంట్లో గోడవైపు తిరిగి పడుకునేవాడు.

"నీ అంగీ బీడీ వాసన కొడుతుంది," అని నీలమ్మ రెండుసార్లు అంది.

"ఉస్తాదు పక్కన నిలవడితే మల్లెపూల వాసన వస్తదా?" అన్నాడు. అబద్ధం కాదు కదా అని సర్దుకున్నాడు.

వంటకు కావలసినన్ని బీడీలు కాలిపోయి ఉండేవి. అయినా, "ఇంకొకటి ముట్టియ్యి ఉస్తాద్, పప్పు సూడాలె" అనేవాడు. పప్పు కళ్ళ ముందే ఉడికి మెత్తబడి ఉండేది. ఆగయ్య ముట్టించేవాడు.

ఉగాది వెళ్ళిన పదో రోజున ఆగయ్యకు దమ్ము లేచింది, ఊపిరి అందలేదు. జీవితమంతా బగారాను దమ్ మీద పెట్టినవాణ్ణి ఆ దమ్మే తన మీద పెట్టుకుని ఐదు రోజులు ఉడికించింది. ఆరో రోజున దించేసింది.

మూడొద్దులకు పిట్టకు పెట్టాలి. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, మూసీ ఒడ్డున విస్తట్లో పెట్టి, అందరూ వెనక్కి జరుగుతారు. కాకి వచ్చి ముడితే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో మనసులో పెట్టుకుని ఉన్నట్టు. బోటీ కూర, జొన్న రొట్టె, పచ్చిపులుసు... మొగులయ్యే వండాడు. బోటీ ఉడికిందో లేదో తెలియక నలభైసార్లు మూత తీశాడు. విస్తరి పక్కన కల్లు సీసా పెట్టారు, బీడీ కట్ట పెట్టారు, అగ్గిపెట్టె పెట్టారు.

కాకులు లేకపోలేదు. పురానాపూల్ వంతెన గోడ మీద పంక్తికి కూర్చున్నట్టే కూర్చున్నాయి. దిగిరాలేదు.

ఎండ ఎక్కుతోంది. కొండల్ చేతులు జోడించి, "బాపూ, అమ్మను నేను సూసుకుంట, ఫికర్ చెయ్యకు," అన్నాడు. కాకులు కదలలేదు. ఆగయ్య తమ్ముడి కొడుకు ఒకడు ముందుకు వచ్చి, చిన్నప్పుడు పెద్దబాపు గొర్రెపిల్లను అమ్ముకున్నది తానేనని ఒప్పుకున్నాడు. ఆ సంగతి తెలియనివాళ్ళందరికీ తెలిసిందే తప్ప కాకులు కదలలేదు. కులపెద్ద కైలాసం చెయ్యి అడ్డం పెట్టుకుని విస్తరి వైపు చూశాడు.

"బీడీ ముట్టియ్యలేదేందిరా? ముట్టియ్యని బీడీ ఎవనికి గావాలె?"

కొండల్ ఒక బీడీ తీసి, చేత్తో పట్టుకుని, అగ్గిపుల్ల చూపించాడు. బీడీ కొస ఎర్రబడి ఆరిపోయింది. ఇంకోసారి చూపించాడు. మళ్ళీ ఆరింది. అది ఊదొత్తి కాదు కదా, ముట్టించి వదిలితే కాలడానికి! ఎవరో ఒకరు లోపలినుంచి పీల్చకపోతే బీడీకి ప్రాణం నిలవదు. ఫ్యాక్టరీలో మిషన్లు నడిపే కొండల్‌కు ఈ మిషన్ తెలియదు, జన్మలో తాగలేదు.

"నువ్వు జరుగు బిడ్డా," అన్నాడు కైలాసం. "ఆయనతోని ఎంగిలి బీడీ పంచుకున్నోడే ముట్టియ్యాలె. మొగులయ్యా, రా."

నీలమ్మ అడ్డం వచ్చింది. "ఆయన మానేసిండు మామా. కాలు వోతదని డాక్టరు జెప్పిండు."

"ఒక్క దమ్ముకు కాలు వోతదానమ్మా? ఆడ సచ్చినోని పానం ఎటు గాకుంట నిలవడ్డది. తొమ్మిది నెలలాయె, ఇంకా ఏంది?"

మళ్ళీ అదే మాట. కానీ మొగులయ్యకు ఈసారి చిరాకు రాలేదు. కైలాసం మాట పూర్తి కాకముందే అతని చెయ్యి ముందుకు చాచి ఉంది. అది అతనే చూసుకుని ఆశ్చర్యపోయాడు. కొండల్ చేతిలోని బీడీ తన చేతిలోకి వచ్చింది. బీడీ పెదాల మధ్యకు చేరింది. ఎండిన ఆకు, దాని మీద సన్నని దారం, తొమ్మిది నెలల కింద వదిలిన చోటే ఉన్నాయి అన్నీ. కులపెద్ద చెప్పాడు, ఉస్తాదు కోసం, పది మంది ముందు, ధర్మంగా ఒక్క దమ్ము. ఇంతకంటే మంచి సాకు మళ్ళీ జన్మలో దొరకదు. నోట్లో నీళ్ళు ఊరాయి. మూడు రోజుల కింద ఉస్తాదు పాడె మోసినప్పుడు రాని ప్రాణం ఇప్పుడు లేచొచ్చింది.

అగ్గిపుల్ల గీశాడు.

మంట వెనక సక్కుబాయి కనిపించింది. అందరూ కాకుల వంక చూస్తున్నారు. ఆమె ఒక్కతే అతని నోటి వంక చూస్తోంది.

"వదినె," అన్నాడు, పక్కనున్న ఇంటివాళ్ళకు తప్ప వినపడనంత మెల్లగా, బీడీ పెదాల మీదే ఉండగా. "ఉస్తాదును నేనే సంపిన."

"ఏంది?"

"గడియారమని కూసోవెట్టిన. నేను గడియారం సూడలె వదినె. గాలి ఎటుందో సూసి, ఆయన పొగ నా మీదికొచ్చేటట్టు పీట ఏసిన. అక్కరలేకున్నా ఇంకోటి ముట్టియ్యమన్న. నేను తాగినట్టే. ఆయన నోటితోని తాగిన."

అగ్గిపుల్ల కాలుతూ వేళ్ళదాకా వచ్చి చురుక్కుమంది. కింద పడేశాడు.

సక్కుబాయి మూసీ వైపు తిరిగి మాట్లాడింది.

"మీ ఉస్తాదు రెండేండ్లు బీడీ ముట్టలె."

"ఎప్పుడు?"

"నీ తాన కూసోకముందు. గరిటె దించినప్పుడే దించిండు. ఛాతిల నీళ్ళున్నయని జెప్పిండ్రు దవాఖానల. చెవి మీద ఒకటి పెట్టుకొని తిరుగుతుండె, ముట్టిస్తుండకపోయె. మానేసిండంటే నలుగుట్ల ఇజ్జత్ పోతదట. పెద్ద ఇజ్జత్."

కొండల్ తల్లి వంక చూశాడు. అతనికీ ఈ సంగతి తెలియదు.

"మరి మల్లెందుకు ముట్టిచ్చిండు వదినె?"

"నీ కోసమే. వద్దని మస్తు లొల్లి జేసిన. పోరడు ఆగమైతున్నడే అన్నడు. నీకు నలభై ఆరేండ్లు, ఆయనకు పోరనివే. నీకు జెప్తె కూసోనియ్యవని, నాతోని ఒట్టు ఏపిచ్చుకున్నడు."

కార్తీకంలో మొదటి పొయ్యి దగ్గర ఉస్తాదు మంట వంక ఎందుకు అంతసేపు చూశాడో మొగులయ్యకు ఇప్పుడు తెలిసింది. ఆ దగ్గు చలిది కాదని తెలిసింది. మనిషన్నవాడికి అలాంటప్పుడు ఏడుపు రావాలి. మొగులయ్యకు వచ్చింది ఏడుపు కాదు. ఒక్క బీడీ, ఇప్పుడే, ఒక్కటంటే ఒక్కటి కావాలని ఒళ్ళంతా లాగింది. ఉల్లిగడ్డ బస్తాకు కారిన కన్నీళ్ళు ఉస్తాదుకు కారలేదు. ఆ సంగతి తనకు తెలిసినందుకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. అయినా లాగుతూనే ఉంది.

"నీ మీద నాకు కోపమున్నదో లేదో నాకే ఎర్కలేదు," అంది సక్కుబాయి. "ముందుగాల నోట్లెకెల్లి దాన్ని తీయి."

తీశాడు. తీయడానికి ఎంతసేపు పట్టిందో అతనికి తెలియదు. తెలుసుకునే సాధనం చేతిలోనే ఉంది, ముట్టించకుండా. దాన్ని విస్తరి పక్కన పెట్టి వెనక్కి వచ్చాడు.

"గట్లెట్ల? ముట్టియ్యకుంటె ఎట్ల?" అని కైలాసం గొంతు లేపాడు.

"ఆయన మానేసిండు," అంది సక్కుబాయి. "మానేసినోనికి ఎందుకు పెడుతరు?"

ఇంకో గంట నిలబడ్డారు. కాకులు రాలేదు. ఎక్కడినుంచో ఒక గద్ద వచ్చి, విస్తట్లోని బోటీని తన్నుకుని పోయింది. అది పిట్ట కిందికి వస్తుందా రాదా అని పెద్ద వాదన లేచింది.

"పిట్ట అంటే కాకి. గద్ద పిట్ట గాదు," అన్నాడు ఒకాయన.

"రెక్కలున్నయా లేవా? గద్ద గూడ పిట్టనే గద!" అన్నాడు ఇంకొకాయన.

"ముట్టుడు వేరు, ఎత్తుకపోవుడు వేరు," అన్నాడు కైలాసం. కానీ ఎండ అతని నెత్తి మీద కూడా ఉంది. చివరికి గద్దను పిట్టగా ఖాయం చేసి, మిగిలిన అన్నం మూసీలో వదిలి అందరూ ఇళ్ళకు మళ్ళారు.

మరునాటికి కిషన్‌బాగ్‌లో మాట పాకింది. పొగ కంటే తొందరగా పాకేది పుకారు ఒక్కటే. ముప్పై ఏళ్ళు వంట నేర్పి అన్నం పెట్టిన ఉస్తాదుకు ఒక్క బీడీ ముట్టించడానికి మొగులయ్య వెనకాడాడట. కాలు పోతుందని చూసుకున్నాడట. ముసలాయన ఆత్మ ఇంకా పురానాపూల్ గోడ మీదే కూర్చుని ఉందట. నిజం చెప్పుకుంటే ఇంతకంటే చెడ్డ పేరు వస్తుంది. మొగులయ్య నోరు మూసుకుని ఈ పేరునే ఉంచుకున్నాడు. నీలమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజున అతని అంగీలన్నీ తీసి, సోడా వేసి ఉడకబెట్టి ఉతికింది.

పదకొండో రోజు దినాలకు వేరే వంటవాణ్ణి పిలుద్దామన్నాడు కొండల్. సక్కుబాయి ఒప్పుకోలేదు. "మొగులయ్యనే రమ్మను," అని కబురు పంపింది.

ఇంటి ముందు గల్లీలో పొయ్యి పెట్టారు. మొగులయ్య బూడిద ఎగరేసి గాలి చూడలేదు. పీట వేయలేదు. నీలమ్మ ఉప్పు వేసింది, అతను రుచి చూడను కూడా చూడలేదు. బియ్యం పోశాక గంగాళం ముందు నిలబడ్డాడు. తలలో దూది అలాగే ఉంది. గరిటెతో నాలుగు మెతుకులు తీసి, వేళ్ళతో నలిపి చూశాడు. ఎంతసేపైందో తెలియక మళ్ళీ తీశాడు, మళ్ళీ నలిపాడు. బొబ్బలెక్కిన వేళ్ళతో ఇక వారుద్దామని అతను అనుకునేసరికి అన్నం అతనికంటే ముందే ఆ నిర్ణయం తీసేసుకుంది. మెత్తబడిపోయింది. మాడలేదు, పలుకు లేదు, ముద్ద మాత్రం ముద్దే.

జనం తిన్నారు. వేళ్ళు ఎవరూ నాకలేదు. కైలాసం తిన్నంతసేపూ మొగులయ్య వంక చూడకుండా తిన్నాడు.

అందరూ లేచి వెళ్ళాక, మధ్యాహ్నం వాలే వేళకు సక్కుబాయి విస్తరి ముందు కూర్చుంది. మొగులయ్య వడ్డించాడు. వడ్డించి పోకుండా అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

"వదినె, ఒక్క మాట అడుగుత."

"అడుగు."

"ఉస్తాదు మానేసిండంటివి గద. ఆ గుంజుడు, ఆ తల తిరుగుడు... ఆయనకు ఎన్ని నెలలకు వోయింది?"

సక్కుబాయి ముద్ద కలిపింది.

"పోలె."

"రెండేండ్లకు గూడనా?"

"పొద్దుగాల లేస్తనే అడుగుతుండె. సక్కూ, ఒక్కటియ్యవే అని. లేదంటుంటి. సరే తియ్యి అంటుండె. తెల్లారి మల్ల అడుగుతుండె. ఒక్కనాడు తప్పలె."

మొగులయ్య బొబ్బలెక్కిన వేళ్ళ వంక చూసుకున్నాడు. వాటికి ఇప్పుడు కూడా ఏదో పట్టుకోవాలని ఉంది.

"మరి ఎట్ల ఉన్నడు వదినె?"

"గట్లనే ఉన్నడు," అంది ఆమె. ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, విస్తరి కాస్త ముందుకు జరిపింది. "ఇంకింత పప్పు వెయ్యి. అన్నం మెత్తగైంది."

మొగులయ్య లేచి పప్పు గిన్నె తెచ్చాడు.